ఏ నలభై రెండు వదిలెయ్యాలి?

ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లమ్ మనమంతా ఇంజనీరింగులో చదివిందే. ఆ సేల్స్‌మన్ అన్ని ఊళ్ళూ తిరిగి తీరాలి, దారి తగ్గించుకోవడమే వాడి పని. ఆన్‌సైటుకెళ్ళి ఒక్క ఆదివారంలో ఊరు చూసెయ్యాలనుకునేవాడి బాధ వేరు. యాభై చోట్లుంటే నలభై రెండు వదిలెయ్యాలి. ఏ నలభై రెండు?

తమాషా ఏంటంటే, ఈ లెక్క ఒక ఆట నుంచి వచ్చింది. ఓరియెంటీరింగ్ అని, మ్యాపూ దిక్సూచీ పట్టుకుని అడవిలో పరిగెత్తే ఆట. అందులో ఒక రకం ఉంది: ఒక్కో పాయింటుకి కొన్ని మార్కులు, టైము మాత్రం ఇంతే. 1984లో సిలిగిరిడిస్ దీనికి హ్యూరిస్టిక్స్ రాశాడు. 1987లో గోల్డెన్, లెవీ, వోహ్రా ఇది ఎన్‌పీ-హార్డ్ అని తేల్చారు. టూరిస్టు గోల కూడా అచ్చం ఇదేనని 2007లో బెల్జియంలోని లూవెన్ యూనివర్సిటీ నుంచి వాన్‌స్టీన్‌వెగెన్, వాన్ ఔడ్‌హూస్డెన్ పేపరు రాశారు. 2011కల్లా వాళ్ళ బృందం సిటీ ట్రిప్ ప్లానర్ అని ఫ్లాండర్స్‌లో అయిదు ఊళ్ళకి తయారుచేసింది. మ్యూజియం తలుపులు ఎప్పుడు తీస్తారో, ఎప్పుడు మూస్తారో కూడా చూసుకుంటుంది. పద్ధతి సింపులే: ఒక రూటు వెయ్యి, వరసగా కొన్ని స్టాపులు పీకెయ్యి, ఖాళీలో వేరేవి దూర్చు, మళ్ళీ పీకు.

ఇంతకీ మార్కులెవరేస్తారు? ఇదీ పాత కథే. 1820లో మరియానా స్టార్క్ అనే ఆవిడ తన యూరప్ గైడులో గొప్ప చిత్రాల పక్కన ఆశ్చర్యార్థకాలు పెట్టింది, ఎంత గొప్పదైతే అన్ని. తర్వాత బెడెకర్ గైడ్లు నక్షత్రాలు పెట్టాయి. అవి అందరికీ ఒకటే. లూవెన్ వాళ్ళు మాత్రం టూరిస్టునే ఇష్టాలడిగి మార్కులు లెక్కేశారు.

నా పేచీ ఇక్కడే. అసలు మోడల్లో మార్కులు ఊరికే కూడుకుంటూ పోతాయి. చర్చిలంటే ఇష్టమని టిక్కు పెడితే ఆరో చర్చికీ మొదటిదానంత విలువే. మనిషికి అలా ఉంటుందా? ఆరో గుళ్ళో మన కళ్ళు టిఫిన్ సెంటర్ కోసం వెతుకుతుంటాయి :) రూటు వెయ్యడంలో పడ్డ కష్టంలో సగమైనా ఈ విసుగుని కొలవడంలో పడాల్సింది.

గూగుల్ 2016లో ట్రిప్స్ అనే యాప్ తెచ్చింది. లోపల ఆయిలర్ 1736 నాటి ఆలోచన వాడామని గర్వంగా చెప్పుకుంది కూడా. 2019 ఆగస్టులో మూసేసింది. ఇప్పుడందరూ చాట్‌బాట్‌నే అడుగుతున్నారు. అది రాసే ప్లాను చదవడానికి హాయిగా ఉంటుంది, సోమవారం మూసుండే మ్యూజియంకి సోమవారమే పంపినా సరే. 2024లో ట్రావెల్‌ప్లానర్ అనే పరీక్ష పెడితే, జీపీటీ-4 వేసిన ప్రయాణాల్లో షరతులన్నిటికీ నిలిచినవి 0.6 శాతం.