ఎలెక్ట్రానిక్ సూపర్‌సానిక్

ఎలెక్ట్రానిక్ సూపర్‌సానిక్ అనేది మొల్వేనియా అనే కల్పిత తూర్పు ఐరోపా దేశం యూరోవిజన్ పాటల పోటీకి పంపినట్టుగా ప్రచారమైన హాస్యగీతం. ఈ దేశాన్ని సృష్టించినవారు ఆస్ట్రేలియా రచయితలు టామ్ గ్లైస్నర్, శాంటో చిలారో, రాబ్ సిచ్. 2003లో వీరు పర్యాటక మార్గదర్శిని రూపంలో మొల్వేనియా పుస్తకం వెలువరించారు. దాని వెన్నంటే పాట వచ్చింది. గాయకుడు జ్లాడ్‌గా నటించింది చిలారోయే.

1980ల నాటి సింథసైజర్ పాప్ బాణీ, అంతరిక్ష నౌకలో ప్రేమ, తడబడే ఇంగ్లిషు, చవక గ్రాఫిక్స్ కలిపిన వీడియో ఇది. యూట్యూబ్ ఇంకా పుట్టకముందే ఇంటర్నెట్‌లో చేతులు మారుతూ దేశదేశాలకు పాకింది. పేరడీ అయినా బాణీ మాత్రం నిజంగా పట్టుకుంటుంది. పాట నిలిచింది అందుకే.

2004లో పది దేశాలు, అందులో ఎక్కువ తూర్పు, మధ్య ఐరోపావి, యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ ప్రాంత ప్రజలపై ఉన్న చులకన భావాన్ని మొల్వేనియా పుస్తకం పెంచుతోందని బ్రిటన్ మాజీ మంత్రి కీత్ వాజ్ విమర్శించారు. ఆ అభ్యంతరం తోసిపుచ్చదగింది కాదు: ఇక్కడి నవ్వులో పెద్ద భాగం పేదరికం మీదా, వెనుకబాటు మీదా పుట్టిందే. జ్లాడ్ పేరుతో తర్వాత మరో పాట కూడా వచ్చింది. అదే రచయితలు ఫైక్ టాన్, శాన్ సోంబ్రేరో అనే మరో రెండు కల్పిత దేశాలకు మార్గదర్శినులు రాశారు.