నాణ్యం

సరుకు మంచిదనడానికి మనం నాణ్యమైనది అంటాం. ఆ మాట టంకశాల వైపు నుంచి వచ్చింది. సంస్కృతంలో ‘నాణకం’ అంటే ముద్ర వేసిన నాణెం. కుషాణుల నాణేల మీద కనిపించే నానా దేవత పేరే దానికి మూలమని కొందరు పండితుల ఊహ. ఆ ఒక్క మాటే దక్షిణాదిలో ఒక్కో భాషలో ఒక్కో దారి పట్టింది. కన్నడిగుల ‘నాణ్య’ ఇప్పటికీ నాణెమే. తమిళుల ‘నాణయం’ నాణెమూ అవుతుంది, మనిషి నిజాయితీ కూడా అవుతుంది. మనం జేబులోదాన్ని నాణెమనీ, సరుకులోదాన్ని నాణ్యమనీ విడదీసుకున్నాం. ఆ విడదీతలో మనిషి జారిపోయాడు. తమిళం నిలుపుకున్న ఆ అర్థం లేకుండా నాణ్యం నిలవదని నా నమ్మకం. కర్మాగారంలో సమ్మె వచ్చిన రోజున ఆ సంగతి బాగా తెలిసొస్తుంది.

యాజ్ఞవల్క్య స్మృతిలో నాణక పరీక్షి, అంటే నాణేలను పరీక్షించేవాడు, కనిపిస్తాడు. మంచి నాణేన్ని దొంగదన్నా, దొంగ నాణేన్ని మంచిదన్నా అతనికి ఉత్తమ సాహస దండం, అంటే జరిమానాల్లోకెల్లా పెద్దది. శిక్ష అతని నోటిమాటకి. ఉక్కు కర్మాగారంలో టెస్ట్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేవారిదీ అదే కొలువు. ఒక విడతలో కరిగించిన ఉక్కుకి ఒక హీట్ నంబరు పడుతుంది. కర్బనమెంత, గంధకమెంత, ఎంత లాగితే తెగుతుంది అన్న లెక్కలన్నీ ఆ నంబరు కిందే ఉంటాయి. కారులోని బోల్టయినా, స్ప్రింగయినా, గేరయినా మొదట ఇలాంటి కడ్డీయో వైర్ రాడ్డో. కొనేవాడు కొలిమి చూడడు, కాగితాన్ని నమ్ముతాడు.

ఆ నమ్మకానికి వాహన పరిశ్రమ రాసుకున్న కట్టుబాటు ఐఏటీఎఫ్ 16949. ఇప్పుడు నడుస్తున్నది 2016 నాటి ప్రతి. అందులో 6.1.2.3 క్లాజు ఆపత్కాల ప్రణాళికల గురించి. యంత్రం చెడిపోవడం, కరెంటు పోవడం, అగ్నిప్రమాదం, ప్రకృతి వైపరీత్యం అని వరసగా చెబుతూ ‘కార్మికుల కొరత’ అంటుంది. సమ్మె అన్న పేరు అక్కడ లేదు, ఈ పద్దు కిందే సర్దుకోవాలి. కొరత అంటే లేకపోవడం. సమ్మె నాడు కార్మికులు గేటు ముందే ఉంటారు, పని తెలిసినవాళ్లందరూ ఉంటారు. వాళ్లకో మాట ఉంది గనకే బయట ఉన్నారు. దాన్ని కరెంటు కోత పక్కన రాస్తే ఆ మాట వినపడదు.

క్లాజులో మంచీ ఉంది. ప్రణాళికను ఏడాదికోసారైనా సమీక్షించాలంటుంది. మామూలు పద్ధతిలో కాక ఉన్నట్టుండి ఆగిన ఉత్పత్తి మళ్లీ మొదలైతే, సరుకు నిర్దేశాలకు సరిపోతోందో లేదో తేల్చే ఏర్పాటు ఉండాలంటుంది. అసలు భయం అక్కడే. అలవాటు లేని చేతులతో యంత్రాలు నడిపిన రోజున చెడ్డ ఉక్కు వస్తే పరీక్షలో దొరుకుతుంది. పరీక్షే జరగకుండా రిజిస్టరు నిండితే దొరకదు.

విశాఖలో కార్మికులు మరో దారి చూపించారు. ఉక్కు కర్మాగారం నుంచి పెట్టుబడుల్ని నూటికి నూరుపాళ్లు ఉపసంహరించుకోవాలని 2021 జనవరి 27న కేంద్రం నిర్ణయించింది. ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెంలో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. శిబిరంలో కొందరు కూర్చుంటే లోపల షిఫ్టులు నడిచాయి. కోక్ ఓవెన్లు చల్లారితే సిలికా ఇటుకలు పగులుతాయని వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. బ్లాస్ట్ ఫర్నేసుల్ని కూడా సొంతవాళ్లలా గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పిలుచుకునే చోటు అది. ఆ దీక్షల నడుమే 2021-22లో అమ్మకాలు 28 వేల కోట్ల రూపాయలు దాటాయి. అంతకు ముందెన్నడూ అంత లేదు. ఉక్కు ధరలు కలిసొచ్చాయి, నిజమే. కానీ తయారవని సరుక్కి ధర రాదు. కర్మాగారం తమదనుకున్నవాళ్లు పోరాటాన్నీ పనినీ కలిపి మోశారు. నాణయం అని తమిళుడు అనేది దాన్నే.

అదే కర్మాగారంలో 2025 మేలో కాంట్రాక్టు కార్మికులు తొలగింపులకు నిరసనగా సమ్మెకు దిగారు. అక్కడ ‘కొరత’ అన్న మాట ఎవరికి వర్తిస్తుంది? చేతులు తగ్గించిన నిర్ణయం సమ్మెకంటే ముందుది. ఆపత్కాల ప్రణాళిక రాసేవాళ్లు దాన్ని కూడా ముప్పుగా లెక్కగట్టాలి. సమ్మెను సమ్మె అనే రాయాలి. ఆ రోజు ఏ యంత్రాన్ని ఎవరు నడుపుతారు, వాళ్లకి ఎవరు నేర్పారు, హీట్ నంబరు కింద ఎవరు సంతకం పెడతారు అన్నది కార్మిక సంఘాలను కూర్చోబెట్టుకుని ముందే రాసుకోవాలి. సంతకం పెట్టేవారికి ‘ఇది పరీక్షించలేదు’ అని రాసే హక్కు కూడా ఆ కాగితంలోనే ఉండాలి.