కాలువ గట్టు: కోనసీమ నడకదారి పుట్టుపూర్వోత్తరాలు

బొర్రా దగ్గర సున్నపురాయిని గోస్తనీ నీరు తొలిచి గుహలు చేసింది. అలాంటి కొండసీమల్లో నడిచేవాడికి ఏరే దారి చూపిస్తుంది. కోనసీమలో రాయి లేదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, సముద్రం వెనక్కి జరుగుతూ వదిలిన ఇసుక మెరకలు, వాటి నడుమ పల్లపు చేలు, అంతే. ఇలాంటి నేల మీద, వైశాఖపు ఎండల్లో, బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల మీదుగా అమలాపురం వైపు చెట్ల నీడన మైళ్లకొద్దీ సాగే ఎత్తయిన దారి ఎక్కడిది? దాన్ని ప్రకృతి ప్రసాదమనడం అలవాటైంది కానీ, అది పలుగూ పారా వేసిన దారి.

1832-33 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన గోదావరి ప్రాంతాన్ని కుంగదీశాక ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన చేశాడు. 1847లో మొదలైన పని 1852కు పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టిన ఆ ఆనకట్టకు ధవళేశ్వరం కొండే రాయి ఇచ్చింది. గోదావరి పాయలైన గౌతమికీ వసిష్ఠకూ నడుమనున్న మధ్య డెల్టాకు, అంటే కోనసీమకు, కాలువలు తవ్వారు. రాజోలు వైపు నీరు వెళ్లాలంటే వైనతేయ పాయ అడ్డు కాబట్టి, 1850ల తొలి ఏళ్లలో గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టు కట్టి నది మీదుగా కాలువను దాటించారు. తవ్విన మట్టిని ఇరువైపులా పోయగా గట్లు లేచాయి.

అయితే మట్టి పోసినంత మాత్రాన గట్టు దారి కాదు. నీటిని ఆపడానికి గట్టు ఉంటే చాలు. మనిషి ఆగకుండా నడిచిపోవాల్సిన పని లేదు. ఆ అవసరం పడవలతో వచ్చింది. సాగుకే అయితే తూములు, రెగ్యులేటర్లు సరిపోయేవి. లాకులు కట్టింది పడవలను ఒక మట్టం నుంచి మరో మట్టానికి దించడానికి, ఎక్కించడానికి. ఆ పడవలకు తాడు కట్టి మనుషులు గట్టు వెంట నడుస్తూ లాగేవారు. తాడు చిక్కుకోకూడదు, అడుగు తప్పకూడదు. కాబట్టి గట్టు ఎడతెగకుండా, సమంగా, అంచున అడ్డు లేకుండా ఉండాల్సి వచ్చింది. నేటి నడకదారికున్న ఈ లక్షణాలు ఆ పడవల రవాణా పెట్టిన షరతులే.

కాలువలకు ముందు ఇక్కడి జనం నడవలేదా అని అడగవచ్చు. నడిచారు. కనుమనాడు జగ్గన్నతోటకు వెళ్లే ప్రభలు ఈనాటికీ చేలకు అడ్డంపడి, కౌశిక ఏటిని దాటి సాగుతాయి. చేలకూ ఏళ్లకూ అడ్డంపడి పోయే ఆ తీరు కాలువ గట్టును నమ్ముకున్నది కాదు. కానీ అది నీరు తగ్గిన పుష్యమాసపు దారి. వానాకాలం బురదలో సాగేది కాదు. కొబ్బరితోటలు ఇసుక మెరకల మీద ముందునుంచీ ఉన్నాయన్నదీ నిజమే. అయితే ఆ మెరకలు తీరానికి సమాంతరంగా సాగుతాయి. వాటి వెంట పోతే పక్క ఊరు చేరవచ్చు గానీ, ఎగువన డెల్టా మొదలయ్యే చోటికి చేరలేం. ఎగువ నుంచి దిగువకు, మెరకను మెరకతో కలుపుతూ నిలువుగా వచ్చినవి కాలువలే. ఏటిగట్లు వేరే ఉన్నాయి కదా అంటే, అవి వరదకు కాపలా కాసేవి, నది అంచునే ఉండిపోతాయి. ఊళ్ల నడుమకు వచ్చేది కాలువ గట్టు ఒక్కటే.

ఈ పుట్టుక తెలుసుకోవడం వల్ల ఒరిగేదేమిటంటే, బాధ్యత ఎవరిదో తేలుతుంది. వేసవిలో నీరు కట్టేశాకే మరమ్మతులు జరుగుతాయి; గట్టు వెడల్పు చేయడం, చెట్లు కొట్టడం, కాంక్రీటు పోయడం కూడా అప్పుడే. దేవుడిచ్చిన అందమనుకుంటే పోయినప్పుడు నిట్టూర్చి ఊరుకుంటాం. కట్టిన వస్తువని ఒప్పుకుంటే, తూముకూ లాకుకూ లెక్క రాసినట్టే నీడకూ నడకదారికీ లెక్క రాయమని జలవనరుల శాఖను నిలదీయవచ్చు.