నిలిచినచోట కుంటిన ఇంజను

పత్తి విపణికి పేరుపడిన భైంసాకు మేము ధ్వనిముద్రణ పనిమీద వెళ్లినప్పుడు మాకు బండి సమకూర్చినవారు అక్కడి విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు. అది వారి తండ్రిగారి నాటి అంబాసిడరు. దారిలో పరుగెత్తినంతసేపు దానికి ఏ లోపమును కనబడలేదు. సుమారు నలభై కిలోమీటర్లు నడచి నిర్మల్ చేరినాము. అక్కడ టీకొట్టు ముందు ఇంజను ఆర్పకుండ నిలిపినప్పుడు బండి ఒడలెల్ల కంపింపజొచ్చినది. మూడు అడుగులు సరిగా వేసి నాలుగవ అడుగు తడబడువానివలె ఇంజను కుంటుచున్నది. మాస్టారు కొంచెము సిగ్గుపడి, "పొద్దుగాల మంచిగనే నడుస్తది సార్, వేడెక్కినంకనే గిట్ల చేస్తది" అన్నారు. రోగనిర్ణయము సగము ఆ మాటలోనే ఉన్నదని అప్పుడు మాకు తెలియదు.

ఆ కుంటు వారికి చిన్న విషయము కాదు. పాతబండి యోగ్యతాపత్రమును తిరిగి పొందవలెనన్న పొగపరీక్షలో నెగ్గవలెను. ఆ పరీక్ష బండిని నిలిపి, ఇంజనును మెల్లగా తిరుగనిచ్చి చేయుదురు. ఆ తరము పెట్రోలు కార్లకు పొగలో కార్బన్ మోనాక్సైడు నూటికి 3 పాళ్లు మించరాదు. మాస్టారి బండి రెండు పర్యాయములు తప్పినది. ఒక పెద్ద పట్టణములోని మరమ్మతుశాలవారు చూచి, బోరు అరిగినదనియు, ఇంజను మొత్తము విప్పి బోరింగు చేయించవలెననియు తేల్చినారు. దానికగు ఖర్చు బండి ఖరీదును మించినది. అందుచేత తుక్కు వ్యాపారితో బేరము కుదిరి, బయానా కూడ చేతులు మారినది.

ఇంజను పరుగులో బాగుండి నిలకడలో చెడుట వింతగా తోచవచ్చును. నిమిషమునకు ఏడువందల చుట్లు తిరుగు నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు నిమిషమునకు 350 మారులు మండును. అప్పుడు గాలి లోనికి పోవు ద్వారము దాదాపు మూసియుండును. లోపల పీల్పు బలముగా ఉండును. ఆరోగ్యముగల ఇంజనులో దానిని కొలిచినచో 17 మొదలు 21 అంగుళముల పాదరసము వరకు నిలకడగా చూపును. లోనికి వచ్చు గాలియే స్వల్పము గనుక గోటి సందంత రంధ్రము కూడ లెక్కను తారుమారు చేయును. వేగములో గాలి వరదవలె వచ్చును గనుక ఆ రంధ్రము లెక్కకు రాదు. కచేరీలో వాద్యములన్నియు మ్రోగుచున్నప్పుడు తంబురా శ్రుతి తప్పినను సామాన్యులు కనిపెట్టలేరు. అది ఒక్కటే మిగిలినప్పుడు దాగదు. మా స్టూడియోలో ఇది మాకు నిత్యానుభవము.

ఇట్టి లోపములను దారిలో వెదకి సరిచేసిన తొలివారిలో ఒక స్త్రీ ఉన్నదని చెప్పినచో కొందరు ఆశ్చర్యపడవచ్చును. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడుచక్రముల బండిపై జర్మనీలోని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు ప్రయాణము చేసినది. ఇంధనపు గొట్టము మూసుకొనిపోగా టోపీకి గుచ్చుకొను పిన్నుతో పొడిచి శుభ్రపరచినది. విద్యుత్తీగ ఒరసికొని పోగా మేజోడు కట్టుకొను పట్టీని దానికి చుట్టినది. నడుమ వీస్లోఖ్‌లో ఒక మందుల దుకాణములో ఇంధనము కొన్నది. ఇంధనము వచ్చుచున్నదా, మంట అంటుకొనుచున్నదా అను ఆ రెండు ప్రశ్నలే నేటికిని మెకానిక్కులు మొదట వేయు ప్రశ్నలు.

తరువాత వచ్చిన ప్రతి కల్పనయు ఒక సౌకర్యమును, దానితోపాటు ఒక కొత్త రోగమును తెచ్చినది. 1893లో విల్హెల్మ్ మేబాక్ పెట్రోలును సన్నని రంధ్రమునుండి తుంపరగా చిమ్ము కార్బ్యురేటరును కల్పించినాడు. ఆనాటినుండి ఆ రంధ్రములో నలుసు పడుట మొదలైనది. 1910 ప్రాంతమున అమెరికాలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ, కాయిలు, పాయింట్లతో నిప్పురవ్వ పుట్టించు పద్ధతిని కాడిలాక్ కార్లకు అమర్చినాడు. మన దేశములో పాతకార్లన్నియు ఆ పద్ధతివే. పాయింట్ల మధ్య సందు అంగుళములో వేయింట 15 వంతులు, అనగా మిల్లీమీటరులో పదింట నాలుగు పాళ్లు ఉండవలెను. అవి మాడి గుంటలు పడినను, సందు తప్పినను ఇంజను తడబడును. ఈ కెటరింగును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. అతడు మన కథలోనికి మరల వచ్చును.

ఇక మన సీమ సంగతి. నిజాము రాజ్యపు రైల్వేవారు 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినారు. మూడేండ్లకు, 1935లో, హైదరాబాదులో నిజాము ప్రభుత్వపు రేడియో పలుకసాగినది. మోటారును రేడియోయును ఈ ప్రాంతమునకు ఒకే ఈడు బిడ్డలన్నమాట. భైంసా అప్పుడు నాందేడు జిల్లా ముధోల్ తాలూకాలోనిది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశములో చేరినది, 2016 నుండి నిర్మల్ జిల్లాలో ఉన్నది. అందుచేత అక్కడి మరమ్మతు షెడ్లలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడును ఒకే మాటలో కలిసి వినవచ్చును.

అట్టి రేకుల షెడ్డు ఒకదానికి మాస్టారు మమ్ము తీసుకొనిపోయినారు. అక్కడి మిస్త్రీకి డెబ్బదియేండ్లు దాటినవి. ఊరివారందరికిని ఆయన 'చాచా'. "తుక్కుకు ఇచ్చేముందు ఒక్కసారి చూడు చాచా" అన్నారు మాస్టారు. ఆయన మొదట బండిని షెడ్డు వెలుపలికి తోయించినారు. మూసిన చోట ఇంజను తిప్పుట ప్రాణాపాయము. కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయును లేదు. తరువాత ఇంజను వేడెక్కువరకు ఊరక కూర్చుండి బీడీ కాల్చినారు. మేము తొందరపడి కార్బ్యురేటరు మాట ఎత్తగా నవ్వి, "అందరు ముందుగాల అదే ఇప్పుతరు సార్. అది ఆఖర్ల ఇప్పేది" అన్నారు.

ఇంజను కుంటుట ఆరంభమైనది. ఆయన ఎండుకర్రతో ఒక్కొక్క ప్లగ్గు తీగను ఎత్తి పెట్టినారు. ఒకటవది, రెండవది, నాలుగవది ఎత్తినప్పుడు ఇంజను మరింత క్రుంగినది. మూడవది ఎత్తినను శబ్దములో మార్పు లేదు. ఉన్న కూలివాడు పోయినచో పని తగ్గవలెను. తగ్గలేదన్న వాడు పని చేయుటలేదనియే గదా. ఈ ఇంజనులో మండు క్రమము ఒకటి, మూడు, నాలుగు, రెండు. తాళములో రెండవ దెబ్బ ఎగిరిపోవుచున్నది.

ఇక్కడ మేమును కొంత పాండిత్యము చూపబోయినాము. మా సంచిలోని ట్రాన్సిస్టరును మీడియంవేవులో ఏ కేంద్రమును లేని చోటికి త్రిప్పి బానెట్టు దగ్గర పట్టినాము. ప్లగ్గులో రవ్వ పుట్టినప్పుడెల్ల రేడియోలో చిటపట వినబడును. ఇంటిముందు పాతబండి పోవునప్పుడు రేడియో గరగరలాడుట మన శ్రోతలకు తెలిసినదే. ఇంజను కుంటుచున్నను చిటపట మాత్రము తప్పకుండ వచ్చుచున్నది. నిప్పు సరిగానే ఉన్నదని మేము ప్రకటించినాము. చాచా తల ఊపినారే గాని నమ్మలేదు. ఇంజను ఆర్పి మూడవ సిలిండరు ప్లగ్గును ఒకటవదానిలో, ఒకటవదానిది మూడవదానిలో బిగించి మరల చూచినారు. లోపము ప్లగ్గువెంట పోలేదు. మూడవ సిలిండరులోనే నిలిచినది. అప్పుడు మా రేడియోపై వారికి కొంత గౌరవము కలిగినది.

తరువాత ఇంజను ఆర్పి, ముందునుండి దూర్చి త్రిప్పు ఇనుప హ్యాండిలు తీసినారు. ఒక్కొక్క సిలిండరులో మాత్రమే ప్లగ్గు ఉంచి, మిగిలిన మూడు విప్పి, హ్యాండిలు త్రిప్పి చేతికి తగులు ఎదురుబలమును చూచినారు. బొటనవ్రేలిని హ్యాండిలు చుట్టు పోనీయక మిగిలిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచినారు. ఇంజను వెనుకకు తన్నినచో మణికట్టు విరుగునని ఆ తరమువారికి చిన్ననాడే నేర్పుదురు. మూడు సిలిండర్లు గట్టిగా ఎదురు తిరిగినవి. మూడవది మెత్తగా లొంగిపోయినది. రెండవది బాగుండుటచేత ఆ రెండింటి నడుమ హెడ్డు ప్యాకింగు పోలేదని కూడ తేలినది.

పట్టణమువారు చెప్పినది నిజమేనా? అణచిన గాలి కారిపోవుటకు రెండు దారులున్నవి: పిస్టను ప్రక్కలనుండి గాని, వాల్వు పీటనుండి గాని. మొదటిదైనచో బోరింగు తప్పదు. చాచా రెండు చెంచాల ఇంజను నూనెను మూడవ సిలిండరులో పోసి మరల త్రిప్పినారు. పిస్టను చుట్టు సందు ఉన్నచో నూనె దానిని తాత్కాలికముగా పూడ్చి ఎదురుబలము పెరుగవలెను. పెరుగలేదు. "బోర్ సాఫ్ ఉన్నది సార్. వాల్వ్ కూసుంటలేదు" అన్నారు. వేల రూపాయల ప్రశ్నకు రెండు చెంచాల నూనె జవాబు చెప్పినది.

పైమూత తీయగా సంగతి తెలిసినది. పొగ వెలువరించు వాల్వుకును దానిని నొక్కు రాకరు చేతికిని నడుమ ఉండవలసిన సందులో, అనగా ట్యాపెట్టు సందులో, కొలత రేకు ఎంత సన్ననిదైనను దూరలేదు. వాల్వు కాడ వేడికి సాగును. సందు లేనప్పుడు సాగిన కాడకు చోటు చాలక వాల్వు పూర్తిగా మూతపడదు. ఉదయము చల్లగా ఉన్నప్పుడు బాగుండి, నిర్మల్ చేరిన తరువాత కుంటుటకు కారణము ఇదియే. వేగములో ప్రతి అణచివేతయు క్షణములో ముగియును గనుక కారుటకు వ్యవధి చాలదు. నెమ్మదిగా తిరుగునప్పుడే చాలినంత వ్యవధి. మూడవ సిలిండరుకే ఏల వచ్చినదన్న, ఈ ఇంజనులో రెండవ, మూడవ సిలిండర్లకు పొగమార్గము ఒకటే. ఆ రెండు వాల్వులు ప్రక్కప్రక్కనే కాగుచుండును.

ఆ సందు మాయమైన తీరులోనే చరిత్ర దాగియున్నది. అంబాసిడరు బ్రిటనులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారుకు మన దేశపు రూపము. 1958 మొదలు 2014 వరకు ఉత్తరపారాలో తయారైనది. మాస్టారి బండిలోని 1489 సి.సి. ఇంజను, పెట్రోలులో సీసము కలుపుకాలములో పుట్టినది. ఆ సీసమును కలుపవచ్చునని 1921లో థామస్ మిడ్జ్‌లీ కనుగొన్నాడు. అతడు పనిచేసినది జనరల్ మోటార్స్‌లో, ఇందాక మనము చూచిన కెటరింగు అజమాయిషీలోనే! ఇంజను లోపల పుట్టు టకటక శబ్దమునకు కెటరింగు నిప్పు పద్ధతియే కారణమని కొందరు నిందింపగా, అసలు దోషము ఇంధనములో ఉన్నదని నిరూపించుటకు సాగిన వెదకులాటలో సీసము దొరికినది. అది టకటకను మాన్పినది. ఎవరును కోరకుండగనే మరొక మేలును చేసినది. కాలిన సీసపు పూత వాల్వుకును దాని పీటకును నడుమ మెత్తగా పరచుకొని, ఇనుము ఇనుమును కొరుకకుండ కాపాడినది. కాని అదే సీసము గాలిలో కలిసి పిల్లల మెదళ్లకు విషమైనది. మన దేశములో 2000 ఫిబ్రవరి 1 నుండి సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. ఆ నిర్ణయము న్యాయమైనది. రెండవ మాట లేదు. అయితే పాతబండ్ల యజమానులకు దాని ఫలితమును ఎవరును వివరించి చెప్పలేదు. పూత లేని పీట ఏండ్లు గడచినకొలది అరిగి క్రుంగును. వాల్వు దానితో లోనికి దిగును, దాని కాడ పైకి లేచును, సందు సన్నగిలును. బండి మారలేదు, దాని ఆహారము మారినది.

చాచా సందును కొలత ప్రకారము సరిచేసినారు. మరల నడిపి మూడవ తీగ ఎత్తగా ఇంజను వెంటనే క్రుంగినది. కూలివాడు పనిలోనికి వచ్చినాడు. అయినను సన్నని వణుకొకటి మిగిలినది. గాలిగొట్టము అతుకుపై సబ్బునీటిని కుంచెతో పూయగా ఒకచోట నీరు లోనికి పోయి శబ్దము మారినది. ప్యాకింగు పాతబడి అక్కడ గాలి పీల్చుచున్నది. ఇట్టిచోట కొందరు పెట్రోలు చల్లి చూతురు; కాగిన ఇంజనుపై అది నిప్పుతో చెలగాటము. కొత్త ప్యాకింగు కత్తిరించి వేసి, పాయింట్లు తుడిచి సందు చూచి, అన్నిటికంటె చివర కార్బ్యురేటరు మరలను పావు చుట్టు త్రిప్పినారు. ఆ పావు చుట్టును మొదటనే త్రిప్పియుండినచో కుంటు కొంత మరుగుపడి, పొగ మాత్రము పెరిగెడిది. మాస్టారు రెండు పర్యాయములు పరీక్ష తప్పుటకు అట్టి త్రిప్పుళ్లును కారణమై ఉండవచ్చునని మా ఊహ.

లేచు ముందు పెట్రోలు గొట్టమును వ్రేళ్లతో నొక్కి, రబ్బరు ఉబ్బినదని చూపినారు. ఇప్పుడు వచ్చు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు. పాతరబ్బరుకు అది పడదు. ఆ గొట్టమును మార్చినారు. వాల్వు పీట అరుగుట మాత్రము ఆగదనియు, కొన్ని వేల కిలోమీటర్లకొకమారు సందు చూపించుకొనవలెననియు, ఎప్పుడో ఒకనాడు గట్టి ఉక్కు పీటలు కూర్పింపక తప్పదనియు దాచకుండ చెప్పినారు. "హెడ్ ఒక్కటే ఇప్పాలె సార్, ఇంజన్ కాదు" అన్నారు.

మరుసటి వారము మాస్టారు ఫోను చేసినారు. బండి పొగపరీక్షలో నెగ్గినదట. తుక్కు వ్యాపారి బయానా తిరిగి పుచ్చుకొనుటకు మొదట ఒప్పుకొనలేదనియు, చాచాయే వెళ్లి నచ్చజెప్పి వచ్చినారనియు చెప్పినారు.