చెరకు చేనులో కందిరీగ

మారిషస్ తెలుగువారి చరిత్రను గురించి ఉత్సవ సంచికలలో పెద్దలు అనేకసార్లు వ్రాశారు. కోరంగి రేవు నుంచి ఓడలు బయలుదేరిన సంగతి, ఆ రేవు పేరునుబట్టే మనవారిని ఇక్కడ "కోరంగీలు" అని పిలిచిన సంగతి, ఒప్పందపు కూలీలుగా చెరకు తోటలలో పడిన పాట్లు మన పిల్లలకు కూడా కొంతవరకు తెలుసు. అయితే ఏ చెరకును నమ్ముకొని మన పూర్వులు ఇక్కడ నిలిచారో, ఆ చెరకును ఒకప్పుడు నేలలోని ఒక పురుగు ఎంతగా దెబ్బతీసిందో, దానిని అదుపులో పెట్టడానికి ఎవరు పాటుపడ్డారో తెలిసినవారు మనలో తక్కువ. అందుచేత ఈ సంచికలో ఒక కీటకశాస్త్రజ్ఞుని కృషిని, దానితో పాటు పేరు లేకుండా పనిచేసిన మనవారి కృషిని జ్ఞాపకం చేయదలచాము.

ఈ ద్వీపంలో పంట పురుగులతో పోరాటం మనవారి రాకకన్న ముందే మొదలైంది. ఫ్రెంచివారి కాలంలో మిడతల దండు పైరులను తినివేస్తూ ఉంటే, 1762లో భారతదేశం నుంచి గోరువంకలను తెప్పించి వదిలారు. ఒక పంట పురుగును అణచడానికి దాని శత్రువును మరొక దేశం నుంచి తెచ్చిన తొలి సందర్భాలలో ఒకటిగా ఇది శాస్త్ర గ్రంథాలకు ఎక్కింది. ఈనాడు మన పెరళ్ళలో తిరిగే "మార్తెఁ" పిట్టలు ఆ గోరువంకల సంతతే. మనకంటె ముందు వచ్చిన భారతీయులు అవేనని నవ్వుతూ చెప్పుకోవచ్చు.

అయితే ఇలా తెచ్చినవన్నీ మేలే చేశాయని అనుకోరాదు. 1899లో ప్లేగు వచ్చిన తరువాత, ఎలుకలను చంపుతాయనే ఆశతో 1900లో ముంగిసలను వదిలారు. అవి ఎలుకలతో ఆగలేదు. కోళ్ళను, నేల మీద గూడు కట్టే పిట్టలను కూడా పట్టుకున్నాయి. ఏది తింటుంది, ఏది తినదు అని ముందుగా పరిశీలించకుండా ఒక ప్రాణిని దేశంలో వదిలితే ఏమవుతుందో ఆ తరం వారు కళ్ళారా చూశారు. తరువాతి కథ అర్థం కావాలంటే ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

ఆ కాలంలో పోర్ట్ లూయీ మ్యూజియంలో పనిచేసిన మారిషస్ వాసి డోనాల్డ్ డెమ్మెరే ద షార్మ్వా. ఆయన మొదట పేరు పొందినది చెరకు పురుగుల వలన కాదు, దోమల వలన. 1866 నుంచి 1868 వరకు ఈ ద్వీపాన్ని మలేరియా ఊడ్చిపెట్టింది. వేలాది జనం పోయారు. వారిలో తోటల కూలీలు ఎందరో. షార్మ్వా గారు 1900లో దారుతీ ద గ్రాన్‌ప్రే గారితో కలిసి ఇక్కడి దోమలను గురించి ఫ్రెంచిలో ఒక గ్రంథం ప్రకటించారు. "మారిషియానస్" అనే అనాఫిలిస్ దోమకు శాస్త్రనామం పెట్టినది ఈ ఇద్దరే. మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందనడానికి మూలమైన ఆధారాన్ని 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులో కనుగొన్న రొనాల్డ్ రాస్ గారు, 1907 నవంబరులో మలేరియా నివారణకై మారిషస్‌కు వచ్చారు. తెలుగు నేలపై జరిగిన పరిశోధన ఫలం, తెలుగు కూలీలు బ్రతుకుతున్న ద్వీపానికి ఆ విధంగా చేరింది.

1911లో పాంప్లెమూస్ ప్రాంతపు చెరకు పొలాలలో ఇదివరకు ఎవరూ చూడని ఒక గోధుమరంగు పెంకు పురుగు కనిపించింది. శాస్త్రజ్ఞులు దానిని ఫైటాలస్ స్మితి అన్నారు. వేసవి సాయంకాలాలలో చీకటిపడే వేళ అది నేలలోనుంచి లేచి పొదలమీద వ్రాలుతుంది. ఆడది మట్టిలో గుడ్లు పెడుతుంది. అందులోనుంచి వచ్చే తెల్లని వేరుపురుగు నేలలోనే నెలల తరబడి ఉండి చెరకు వేళ్ళను కొరికివేస్తుంది. పైకి చూస్తే నీటి ఎద్దడివలె ఆకులు పసుపుబారుతాయి. గడను పట్టి లాగితే దుబ్బు అలాగే చేతికి వస్తుంది.

ఈ నష్టం ఎవరికి ఎక్కువ తగిలి ఉంటుందో ఆలోచించాలి. ఇక్కడ చెరకును ఒకసారి నాటి, నరికిన మోళ్ళనుంచి చిగిర్చే కార్శి తోటను ఏళ్ళ తరబడి కోసుకుంటారు. వేళ్ళు పోతే ఆ కార్శి పోయినట్లే; తిరిగి దున్ని, తిరిగి నాటాలి. పెద్ద ఎస్టేటులకు ఆ ఖర్చు భరించే శక్తి ఉండవచ్చు. కాని 1880ల నుంచి ఎస్టేటులు తమ భూములను ముక్కలు చేసి అమ్ముతూ రాగా, కూలి డబ్బు కూడబెట్టి ఒక అర్పాఁ, రెండు అర్పాఁలు కొన్న భారతీయ కుటుంబాలు అప్పటికే అనేకం ఉన్నాయి. 1911లో ఈ ద్వీప జనాభాలో నూటికి సుమారు డెబ్బై మంది భారత సంతతివారే. ఒప్పందపు కూలీల రాక 1910లోనే ఆగిపోయింది. కూలివాడు రైతుగా మారుతున్న ఆ సమయంలోనే ఈ పురుగు బయటపడింది.

మొదట చేసిన పని చేతులతో ఏరడం. చీకటి పడిన తరువాత దీపాలు పట్టుకొని పొదలవెంట తిరిగి, వ్రాలిన పెంకు పురుగులను ఏరి చంపేవారు. దున్నేటప్పుడు బయటపడిన వేరుపురుగులను కూడా ఏరేవారు. పగలు చెరకు నరికిన చేతులే రాత్రి పురుగులు ఏరిన చేతులని వేరే చెప్పనక్కరలేదు. శాస్త్ర నివేదికలలో ఆ కూలీల పేర్లు లేవు. ఎంత ఏరినా పురుగు మాత్రం పాంప్లెమూస్ దాటి వ్యాపిస్తూనే వచ్చింది.

అప్పుడు అడగవలసిన ప్రశ్న ఇది: ఈ పురుగు ఎక్కడిది? దాని జన్మభూమిలో చెరకు ఎలా బ్రతుకుతున్నది? ఫైటాలస్ స్వస్థలం కరిబియన్ సముద్రంలోని బార్బడోస్ ద్వీపం. అక్కడినుంచి తెచ్చిన చెరకు మొక్కల వేళ్ళ మట్టిలో దాగి అది వచ్చి ఉంటుందని నిర్ణయించారు. బార్బడోస్ కూడా చెరకు దేశమే. కాని అక్కడ ఈ పురుగును రైతులు లెక్కచేసేవారు కారు. కారణం టిఫియా పారలెలా అనే నల్లని చిన్న కందిరీగ. పురుగు సముద్రం దాటి వచ్చింది, దాని శత్రువు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఈ కందిరీగ చేసే పని చిత్రమైనది. ఆడ కందిరీగ మట్టిని తవ్వుకొని లోపలికి దిగి, వేరుపురుగును వెదికి పట్టుకొని కుడుతుంది. అది కొంతసేపు కదలలేక పడి ఉండగా దాని ఒంటికి ఒక గుడ్డును అంటించి వెళ్ళిపోతుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల ఆ వేరుపురుగునే తిని పెరిగి, మట్టిలోనే గూడు కట్టుకొని, తరువాత రెక్కలతో బయటకు వస్తుంది. ముంగిసకూ దీనికీ ఉన్న భేదం ఇక్కడే ఉన్నది. ముంగిస దొరికినదెల్లా తింటుంది. ఈ కందిరీగ పిల్లకు వేరుపురుగు తప్ప వేరే ఆహారం లేదు.

షార్మ్వా గారి కృషితో 1913 నుంచి 1915 వరకు ఈ కందిరీగలను బార్బడోస్ నుంచి తెప్పించి ఇక్కడ వదిలారు. ఈనాటివలె విమానాలు లేని కాలమది. కందిరీగలు బ్రతికి చేరాలి, చేరినవి పొలంలో నిలదొక్కుకొని సంతతిని పెంచుకోవాలి. మధ్యలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం కూడా మొదలైంది. ఇన్ని చిక్కుల నడుమ టిఫియా మారిషస్ నేలలో స్థిరపడింది. ఆ వెంటనే ఆయన మడగాస్కర్ వైపు దృష్టి మళ్ళించారు. చెరకుకు చేటు చేసే ఒరిక్టిస్ అనే కొమ్ము పురుగు మీదికి, 1917లో అక్కడినుంచి స్కోలియా జాతి పెద్ద కందిరీగను తెప్పించారు. ఆ పని బాగా ఫలించింది; కొమ్ము పురుగు బెడద తగ్గిపోయింది. బార్బడోస్ నుంచి టిఫియాను తెప్పించిన ప్రయత్నాన్ని ఆయన అదే ఏడు లండన్‌లో వెలువడే కీటకశాస్త్ర పత్రికలో వివరించారు.

ఫైటాలస్ విషయంలో అంత త్వరగా జయం కలుగలేదు. ఉన్నదున్నట్లు చెప్పాలి. టిఫియా వచ్చిన తరువాత కూడా కొన్ని పొలాలలో బాధ ఉండనే ఉన్నది. 1930లలో జెప్సన్ అనే శాస్త్రజ్ఞుడు మళ్ళీ మొదటినుంచి ఆ పురుగు జీవితాన్ని పరిశీలించవలసి వచ్చింది. పెద్ద కందిరీగ బ్రతకడానికి పూలతేనె కావాలి. ఆ తేనె దానికి ఎక్కువగా "ఎర్బ్ కోండే" అనే పొదనుంచి దొరికేది. ఆ పొద కూడా పరదేశపుదే. చెరకు మొక్కలతో పాటు దక్షిణ అమెరికా నుంచి వచ్చినదంటారు. కందిరీగకు మేలు చేసిన ఆ పొదే కాలక్రమాన పొలాలను, పచ్చికబయళ్ళను ఆక్రమించి పెద్ద కలుపు అయి కూర్చున్నది.

దానిని తీసివేస్తే కందిరీగ ఏమవుతుందని కొందరు భయపడ్డారు. ఉంచితే భూమి పాడవుతుందని మరికొందరు వాదించారు. చివరకు 1947 నుంచి ట్రినిడాడ్ నుంచి ఆ పొద ఆకులు తినే పెంకు పురుగును, తరువాత దాని గింజలను పాడుచేసే చిన్న కీటకాన్ని తెప్పించారు. కొద్ది ఏళ్ళలోనే ఆ పొద విజృంభణ అణగింది. ఇలా ఒక చిక్కును విప్పబోతే రెండవది, దానిని విప్పబోతే మూడవది. ఈ పని ఒక మనిషి జీవితంతో ముగిసేది కాదు. అందుకే 1953లో చెరకు పరిశోధన సంస్థ ఏర్పడిన తరువాత కూడా కీటకశాస్త్రజ్ఞులకు పని తగ్గలేదు. 1981లో మన పొరుగు ద్వీపమైన రెయూనియోఁలో, మడగాస్కర్ నుంచి వచ్చిన మరొక వేరుపురుగు బయటపడి చెరకు రైతులను ఇదే విధంగా కష్టపెట్టింది.

ఇది మనకు సంబంధించిన చరిత్ర అని ఎందుకు అంటున్నామంటే, షార్మ్వా గారి వంటి వారి కృషి వలన నిలిచిన కార్శి తోటలలో మన తాత ముత్తాతల తోటలు కూడా ఉన్నాయి. ఆ తోటల ఆదాయంతో బడికి వెళ్ళిన పిల్లల సంతతే నేటి ఉపాధ్యాయులు, వైద్యులు, ఉద్యోగులు. శాస్త్రజ్ఞుని పేరు గ్రంథాలలో ఉన్నది. దీపం పట్టుకొని పురుగులు ఏరిన వారి పేర్లు ఎక్కడైనా మిగిలి ఉంటే, అవి మన ఇళ్ళలోని పెద్దల నోటనే ఉంటాయి. ఇంటిలోని యువతీయువకులు తమ అవ్వనో తాతనో కూర్చోబెట్టి, మన పొలంలో ఏ పురుగు పడేది, ఏమి చేసేవారు అని అడిగి వ్రాసి ఉంచాలని కోరుతున్నాము.

ఇంకొక్క మనవి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు బంధువులను చూడడానికి వెళ్ళివచ్చేటప్పుడు కరివేపాకు మొక్కనో, మామిడి అంటునో, ఇంటి తులసి మొక్కనో మట్టితో సహా పెట్టెలో పెట్టుకొని రావాలని మనసు లాగడం సహజం. కాని వేళ్ళచుట్టూ ఉన్న పిడికెడు మట్టిలో ఏమి వస్తుందో మన కంటికి కనిపించదు. పాంప్లెమూస్‌లో 1911లో బయటపడినది అటువంటి మట్టిలో వచ్చినదే. మొక్క కావలసినవారు ముందుగా వ్యవసాయ శాఖవారి అనుమతి తీసుకొని, వారి పరీక్ష జరిగిన తరువాతనే ఇంటికి తెచ్చుకోవడం మంచిది. మన పెద్దలు చెమటోడ్చి సంపాదించిన ఈ నేలను కాపాడుకోవడంలో మన వంతు అంతమాత్రమైనా ఉండాలి.