అగరు పుట్టని దేశపు అత్తరు

మన ఊళ్ళల్లో గల్ఫ్ అనగానే ఇసుక, పెట్రోలు గుర్తొస్తాయి. ఒమాన్ బతుకు మాత్రం మొదటినుంచీ సముద్రంతోనే ముడిపడింది. ఆ సంగతి తెలియాలంటే మస్కట్‌లోని మత్రా బజారులో అత్తరు కొట్టు ముందు కాసేపు నిలబడాలి. అక్కడ ముఖల్లత్ అమ్ముతారు: అగరు నూనెలో గులాబీ, కుంకుమపువ్వు, చందనం, కస్తూరి, అంబరు కలిపిన అత్తరు. ఒమానీ మగవాళ్ళు దాన్ని దిష్‌దాషా అనే పొడవాటి అంగీ మెడ దగ్గర వేలాడే చిన్న కుచ్చుకు అద్దుకుంటారు.

ఇందులో ఆల్కహాలు ఉండదు, అందుకే వాసన ఒక్కసారిగా గుప్పుమనదు. తేలిక పదార్థాలు ముందు ఆవిరవుతాయి గనక మొదట గులాబీ వస్తుంది. ఆ వెనక కుంకుమపువ్వు, చందనం. గులాబీ తగ్గాక అగరు బయటపడుతుంది: పాత తోలు, తడిసిన కట్టె, కాస్త తేనె, కాస్త పశువుల కొట్టం. అక్కడ ముక్కు ముడిచేవాళ్ళున్నారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఆ ఘట్టమే. అంబరు మర్నాటికీ బట్టను వదలదు.

తిమింగలం పేగుల్లో పుట్టే ఆ అంబరు అప్పుడప్పుడు ఒమాన్ ఒడ్డుకే కొట్టుకొస్తుంది. జబల్ అఖ్దర్ కొండ మీద గులాబీలూ పూస్తాయి, అక్కడ పన్నీరు తీస్తారు. అగరు మాత్రం ఈ నేల మీద మొలవదు. అస్సాంలోనో కంబోడియాలోనో చెట్టుకు గాయమై బూజు పట్టినప్పుడు, తనను కాపాడుకోవడానికి అది స్రవించే జిగురులోనే ఆ పరిమళమంతా ఉంది. ఆరోగ్యంగా ఉన్న మాను తెల్లగా, వాసన లేకుండా ఉంటుంది.

అంత దూరపు సరుకు ఇక్కడికి చేరింది రుతుపవనాల మీద. కొబ్బరిపీచు తాళ్ళతో పలకలు కుట్టిన ఓడల్లో ఒమానీ నావికులు గాలి మళ్ళే కాలం చూసుకుని వెళ్ళేవాళ్ళు. 10వ శతాబ్దంలో ఒమాన్‌లోని సుహార్ రేవు చైనా వ్యాపారానికి పేరుమోసింది. మన తీరమూ ఈ వ్యాపారానికి పరాయిది కాదు. కాకతీయ గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి శాసనంలో సుంకాల పట్టీ చూడండి: చందనం, కర్పూరం, పన్నీరు, పునుగు.

ఈ వ్యాపారాన్ని చేజిక్కించుకోవాలని వచ్చిన పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ 1507లో మస్కట్‌ను తగలబెట్టాడు. 1650లో ఒమాన్ ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ పోర్చుగీసువాళ్ళను వెళ్ళగొట్టాడు. ఆ తర్వాత ఒమానీల అధికారం తూర్పు ఆఫ్రికా దాకా పాకింది. 19వ శతాబ్దంలో ఒమాన్ పాలకుడు సయ్యిద్ సయీద్ ఏకంగా కొలువునే అక్కడి జంజిబార్ దీవికి మార్చి లవంగ తోటలు పెంచాడు. ఆ తోటల్లో చాకిరీ చేసింది బానిసలు. ఒమాన్ ఆడవాళ్ళు ఇంట్లో కలుపుకునే పరిమళాల్లో లవంగం ఘాటు తగిలితే నాకు ఆ బానిసలే గుర్తొస్తారు. ఈ దేశం గొప్పతనం చెప్పేవాళ్ళు ఆ మాట దాటెయ్యకూడదు.

1856లో సయీద్ పోయాక కొడుకులు తగువుపడ్డారు. 1861లో తీర్పు చెప్పింది ఎవరనుకున్నారు? మన దేశాన్ని ఏలుతున్న వైస్రాయ్ కానింగ్. మస్కట్ ఒకరికి, జంజిబార్ మరొకరికి. సంపదంతా జంజిబార్‌తో పోయింది, మస్కట్ చిక్కిపోయింది. 1964లో జంజిబార్‌లో ఒమానీ వంశపు సుల్తాన్‌ను దించేసిన విప్లవం, 1970లో ఒమాన్‌లో సుల్తాన్ ఖాబూస్ పట్టాభిషేకం జరిగాక, అక్కడి ఒమానీ కుటుంబాలు చాలా తిరిగొచ్చాయి. వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ స్వాహిలీ వినబడుతుంది.

సెలవుకు ఊరెళ్తూ మత్రాలో అత్తరు సీసా కొనేవాళ్ళకో మాట. అడవి అగరు అరుదైపోయింది. చౌకగా దొరికేది చాలావరకు కృత్రిమ పరిమళమే. మణికట్టు మీద చుక్క రాయించుకుని బజారంతా తిరగండి. గులాబీ తగ్గి అగరు తేలాకే బేరమాడండి.