నాటు మంత్రసాని

‘మంత్రసాని’ అనగానే అందరి చూపూ మంత్రం మీదికే పోతుంది. నాకు ‘సాని’ ముఖ్యం. సంస్కృత ‘స్వామిని’ ప్రాకృతం మీదుగా అరిగి అరిగి ఇలా మిగిలిందంటారు. దొరసానిలో ఆ మర్యాద ఇప్పటికీ ఉంది. మంత్రసానికే అది నిలవలేదు. అర్ధరాత్రి నొప్పులొస్తే బతిమాలి పిలుచుకొస్తాం, పురుడు పోశాక చీరా బియ్యం చేతిలో పెట్టి పంపేస్తాం.

కన్నడంలో ఆమె ‘సూలగిత్తి’. సూలు అంటే కాన్పు. మన చూలు, చూలాలు దానికి చుట్టాలే. తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు చెందిన నరసమ్మకు ఆ మాటే ఇంటిపేరయింది. ఆమె ఇంట్లో మాట్లాడింది తెలుగు. చదువుకోలేదు, వేల కాన్పులు చేసింది. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ డిసెంబరులోనే కన్నుమూసింది. చేసిన పనే పేరుకు ముందు బిరుదై నిలిచింది.

మన ఏజెన్సీలో ఇలాంటి స్త్రీని రికార్డులు రాసేవాళ్లు ‘నాటు మంత్రసాని’ అన్నారు. ఇక్కడ నాటు అంటే మోటు, శిక్షణ లేనిది అని. కానీ నాటు పుట్టింది ‘నాడు’ నుంచి. నాడంటే సీమ, ఆ సీమలో పుట్టినది నాటు. నాటుకోడికి సంతలో ఎక్కువ ధర పలికేది ఆ అర్థంలోనే.

ఏజెన్సీకి కావలసింది సరిగ్గా ఆ అర్థంలో నాటు నర్సు. డోలీలో కొండ దిగి వచ్చిన కువి భాష మాట్లాడే చూలాలిని ‘నొప్పి ఎప్పుడు మొదలైంది, ఉమ్మనీరు పోయిందా’ అని తెలుగులో అడిగితే, ఆమె అన్నిటికీ తలూపుతుంది. కేస్ షీటులో ఆ తలూపుడే జవాబుగా ఎక్కుతుంది. ఇది నర్సు తప్పు కాదు. ఆ భాష పుట్టుకతో వచ్చిన పిల్లను ఆ కుర్చీ దాకా రానివ్వని ఏర్పాటుది. సహాయక నర్సుల ఏఎన్ఎం కోర్సులో చేరాలన్నా ఇంటర్ కావాలి. కొండ మీద ఆడపిల్ల చదువు ఎక్కువగా ఆగిపోయేది అంతకు ముందే.

ఇదే లోటు బడిలోనూ ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. బిడ్డకు తన భాష తెలిసిన టీచరు ఉండాలన్న న్యాయం మాత్రం అందులో కొట్టుకుపోలేదు. బిడ్డను కనే తల్లికీ అదే న్యాయం. నర్సింగు సీట్లు పాడేరులో, ఉట్నూరులో, భద్రాచలంలో హాస్టలుతో సహా కొండ ఆడపిల్లలకు దక్కాలి. జీఎన్ఎం నర్సింగు కోర్సు మూడేళ్లూ ముగిశాక పోస్టింగు సొంత మండలంలోనే రావాలి.